తాతగారి చరఖా ఇంటికొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ఈ నెల పేజీ మొత్తం ఒకే విషయానికి ఇచ్చేస్తున్నాను. అహింస, సంఘ సంస్కరణ అంటూ బతికిన పెద్దల ఇళ్ళలో పుట్టినవాళ్ళు, ఆ ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు ఈ మధ్య ఎక్కువగా రాస్తున్నారు. అందరి బాధా దాదాపు ఒకటే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రం వేస్తున్నాను, ఉత్తరాలను కాస్త కుదించాను.

ప్రశ్న: మా తాతగారు సర్వోదయ కార్యకర్త. భూదానం కోసం వినోబా భావే గారు మన జిల్లాల్లో పాదయాత్ర చేసినప్పుడు ఆయన వెంట నడిచారు. చివరిదాకా ఖద్దరే కట్టారు. మా ఊళ్ళో దళితులు ఊరి బావిలో నీళ్ళు తోడుకోవడానికి మొదట నిలబడింది ఆయనే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోయినేడు నాన్నగారు పోయాక తాతగారి చరఖా, ఉత్తరాల పెట్టె నా దగ్గరికొచ్చాయి. బంధువులంతా "తాతగారి పేరు నిలబెట్టాల్సింది నువ్వే" అంటున్నారు. నేను హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తాను, ఇద్దరు చిన్నపిల్లలు, నూలు వడకడం కూడా రాదు. ఆ చరఖా కనిపించినప్పుడల్లా టెన్షన్ వస్తోంది. ఏం చేయమంటారు? (తెనాలి దగ్గర ఒక ఊరు)

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టమ్మా. బంధువులు పేరు గురించి అడుగుతున్నారు, నువ్వు పని గురించి ఆలోచించు. తాతగారు బావి దగ్గర నిలబడినప్పుడు పేరు కోసం నిలబడి ఉండరు, అప్పటికి ఊళ్ళో అందరి కళ్ళ ముందూ జరుగుతున్న అన్యాయం అది, అందుకని నిలబడ్డారు.

మన విజయవాడ గోరా గారి కుటుంబం సంగతి చెప్తాను, ఎందుకంటే నీ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు గారు. ఆయన 1902లో పుట్టారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ఎం.ఏ. చేశారు. హాయిగా లెక్చరర్ ఉద్యోగం చేసుకుంటూ బతకొచ్చు. జంధ్యం తీసేశారు, దేవుడు లేడన్నారు, కులం లేకుండా అందరితో కలిసి భోజనాలు పెట్టారు. కాకినాడలో ఉద్యోగం పోయింది, తర్వాత మచిలీపట్నంలోనూ నిలవలేదు. 1940 ఆగస్టులో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. ఇంతా చేసి ఆయన గాంధీ మనిషి. నాస్తికుడై ఉండి సేవాగ్రామ్ ఆశ్రమానికి వెళ్ళి గాంధీ గారితో వాదించారు. నా ఆస్తికత్వం ఒప్పనీ మీ నాస్తికత్వం తప్పనీ నేను చెప్పలేను, మనిద్దరం సత్యాన్ని వెతికేవాళ్ళం అన్న అర్థం వచ్చేలా గాంధీ గారు ఆయనతో అన్నారు. ఇద్దరి మధ్య అంత తేడా ఉండి కూడా పని దగ్గర కలిశారంటే, నీకూ మీ తాతగారికీ మధ్య నమ్మకాల్లో నాలుగు తేడాలుంటే ఏమవుతుంది? నువ్వు ఖద్దరు కట్టకపోయినా, రోజూ దీపం పెట్టుకునే మనిషివైనా, ఆయన మనవరాలివి కాకుండా పోవు.

ఇప్పుడు పిల్లల సంగతి. గోరా, సరస్వతి దంపతులకు తొమ్మిదిమంది. పేర్లు చూస్తేనే ఇంటి వాతావరణం తెలుస్తుంది: ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టినవాడు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం, తొమ్మిదో బిడ్డ నౌ (హిందీలో తొమ్మిది). ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లలు నాన్నగారి ఉపన్యాసాలే మళ్ళీ చెప్తూ గడిపేయొచ్చు, జనం చప్పట్లు కూడా కొడతారు. వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. లవణం గారు వినోబా ఆంధ్రలో నడిచినప్పుడు ఆయన మాటల్ని తెలుగులోకి మార్చి చెప్పారు, తర్వాత నేరస్థుల మార్పు కోసం పనిచేశారు. చెన్నుపాటి విద్య గారు ఆడవాళ్ళ కోసం వాసవ్య మహిళా మండలి నడిపారు, విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. సమరం గారు డాక్టరై, పెద్దవాళ్ళు నోరెత్తని లైంగిక ఆరోగ్య విషయాల మీద తెలుగు పత్రికల్లో ఏళ్ళ తరబడి సామాన్యుడికి అర్థమయ్యేలా జవాబులు రాశారు. విజయం గారు నాస్తిక కేంద్రం పనుల్ని, ప్రపంచంలోని హేతువాదులతో సంబంధాల్ని చూసుకున్నారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నాస్తిక కేంద్రం వాళ్ళు సహాయ పనుల్లోకి దిగారు, అప్పటికి గోరా గారు పోయి రెండేళ్ళు దాటింది. నాన్నగారు ఉప్పెన గురించి ఏమీ చెప్పిపోలేదు కదా అని ఎవరూ కూర్చోలేదు.

అందుకని నీకు నేను చెప్పేది ఇది. మీ తాతగారు ఆ రోజు ఎదిరించింది ఇవాళ ఏ రూపంలో ఉందో చూడు. బావులు పోయాయి, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. మీ అపార్ట్‌మెంటులో పనమ్మాయికి వేరే లిఫ్టు ఉందా? మీ వంటింట్లో ఆమె కాఫీ గ్లాసు వేరే అలమరలో ఉంటుందా? పొద్దుట నుంచి నాలుగు ఇళ్ళలో చేసే మనిషికి బాత్రూమ్ వాడుకునే వీలు ఏ ఇంట్లోనైనా ఉందా? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఇంటిపేరు అడిగి, కులం పసిగట్టి, "ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశామండీ" అనే ఓనర్లు మీ బ్లాకులో ఎంతమంది? డ్రైనేజీ నిండినప్పుడు అసోసియేషన్ వాళ్ళు ఎవరినైనా లోపలికి దింపుతున్నారా? మనిషిని అలా దింపకూడదని 2013లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది, అయినా సెప్టిక్ ట్యాంకుల్లో ఊపిరాడక చనిపోయినవాళ్ళ వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. నువ్వు ఉద్యోగం మానక్కర్లేదు. వచ్చే అసోసియేషన్ మీటింగులో ఈ ఒక్క డ్రైనేజీ విషయం ఎత్తు, మెషీన్‌తోనే చేయించాలని మినిట్స్‌లో రాయించు. నలుగురు మొహం మాడ్చుకుంటారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు వెటకారంగా ఏదో పెడతారు. నువ్వు గొంతు పెంచకు, వెనక్కీ తగ్గకు. బావి దగ్గర మీ తాతగారు పడింది ఇంతకంటే చాలా ఎక్కువ.

మొదలు మాత్రం వంటింట్లో గ్లాసు దగ్గర పెట్టు, పిల్లలు చూస్తుంటారు.

ఆ ఉత్తరాల పెట్టె సంగతి కూడా చెప్పాలి. పాత కాగితాలకు లామినేషన్ చేయించకు, తర్వాత తీయడానికి ఉండదు. సెల్లో టేపు అంటించకు. పగటి వెలుతురులో ఒక్కో కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, ఎవరు ఎవరికి ఏ తారీఖున రాశారో ఒక నోట్‌బుక్కులో రాసుకో. కాగితాలను మెత్తటి నూలుబట్టలో చుట్టి తడి తగలని చోట పెట్టు. మీ ఊళ్ళో ఇంకా బతికున్న పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఆ ఫోటోలు చూపించి అడుగు, ఉత్తరాల్లో ఉన్న పేర్లు వాళ్ళకే తెలుస్తాయి, ఆ తర్వాత ఎవరికీ తెలియవు.

ప్రశ్న: మా నాన్నగారు సహపంక్తి భోజనాలకు పేరుపడ్డ మనిషి. ఆయన ఫోటో మా హాల్లో పెద్దదిగా ఉంటుంది. ఇప్పుడు మా అబ్బాయి తనతో చదివిన దళిత అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. నాకు అభ్యంతరం లేదనే అనుకున్నాను. కానీ మా అన్నయ్యలిద్దరూ "భోజనం వేరు, వియ్యం వేరు" అంటున్నారు. నా భార్య రోజూ ఏడుస్తోంది. చెల్లెలి కూతురికి సంబంధాలు రావంటున్నారు. నాన్నగారు ఉంటే ఏం చేసేవారో అర్థం కావడంలేదు. (ఏలూరు)

జవాబు: నాన్నగారు ఏం చేసేవారో మీకు తెలుసు సార్, అందుకే నాకు రాశారు. "నాకు అభ్యంతరం లేదనే అనుకున్నాను" అన్నారు చూశారా, అక్కడే ఉంది మీ చిక్కంతా. అన్నయ్యల సంగతి తర్వాత, ముందు మీరు ఒక నిర్ణయానికి రండి.

మళ్ళీ గోరా గారి ఇంటికే తీసుకెళ్తాను. ఆయన పెద్దమ్మాయి మనోరమ. అంటరానితనం పోవాలని ఉపన్యాసాలిచ్చే మనిషి తన కూతుర్ని ఏ కులంలో ఇస్తాడన్నది అందరూ చూసేదే. ఆయన దళిత యువకుడు అర్జునరావు గారితో పెళ్ళి నిశ్చయించారు. గాంధీ గారికి చెప్తే సంతోషించి, పెళ్ళి సేవాగ్రామ్‌లోనే చేద్దామన్నారు, ఈలోపు అబ్బాయి ఆశ్రమంలో ఉండి పని నేర్చుకోవాలన్నారు. అర్జునరావు గారు వెళ్ళి ఉన్నారు. పెళ్ళివారు నాస్తికులు కాబట్టి, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా గాంధీ గారు ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి చూడకుండానే 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. అదే ఏడాది మార్చిలో, అనుకున్నట్టే, సేవాగ్రామ్‌లో పెళ్ళి జరిగింది. ఈ సంగతి నేను చాలామందికి చెప్తుంటాను. దేశమంతా దుఃఖంలో ఉంది, ఆశీర్వదించాల్సిన మనిషి లేడు, వాయిదా వేయడానికి అంతకంటే మంచి కారణం ఎవరికీ దొరకదు. వాళ్ళు వాయిదా వేయలేదు.

మీ అన్నయ్యలన్న మాట కొత్తదేం కాదు. పంక్తిలో పక్కన కూర్చోవడం ఒక పూట పని, చేతులు కడుక్కుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోవచ్చు. వియ్యంతో వచ్చేది పూర్తిగా వేరు: పండక్కి వస్తారు, చావుకు వస్తారు, ఆస్తిలో భాగం వస్తుంది, మనవడి ముఖంలో వాళ్ళ పోలిక వస్తుంది. కులం అసలు కాపలా కాసేది అక్కడే. గాంధీ గారు కూడా మొదట్లో కులాంతర వివాహాల మీద ఇంత గట్టిగా లేరు, చివరి ఏళ్ళకు వచ్చేసరికి ఒక పక్షం దళితులైతేనే పెళ్ళికి ఆశీస్సులిస్తాననే దాకా వచ్చారు. మనిషి తన జీవితకాలంలోనే అంత దూరం నడిచాడు. మీ నాన్నగారు భోజనం దాకా నడిచారు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అక్కడి నుంచి నడవాల్సింది మీరు.

మీ ఆవిడతో మీరు ఒంటరిగా కూర్చుని మాట్లాడండి, అన్నయ్యల ఎదుట మాత్రం వద్దు. ఆవిడ ఏడుపులో కులం ఎంతుందో, "రేపు నన్ను ఎవరూ పేరంటానికి పిలవరు" అన్న భయం ఎంతుందో విడదీసి వినండి. రెండోది నిజమైన భయం, దాన్ని కొట్టిపారేయకండి, "నేనున్నాను, నిన్ను పిలవని ఇంటికి నేనూ వెళ్ళను" అని మాట ఇవ్వండి, ఇచ్చాక నిలబడండి. ఆ అమ్మాయి తల్లిదండ్రుల్ని వెళ్ళి కలవండి. మీరే వాళ్ళింటికి వెళ్ళండి, వాళ్ళని పిలిపించుకోవద్దు. వాళ్ళింట్లో భోంచేయండి. వాళ్ళకూ భయాలుంటాయి, నిజం చెప్పాలంటే మీకంటే ఎక్కువ ఉంటాయి. 2018లో మిర్యాలగూడలో, కూతురు దళితుణ్ణి పెళ్ళి చేసుకుందని తండ్రే ఆ అబ్బాయిని చంపించిన సంగతి వాళ్ళు మర్చిపోయి ఉండరు. పిల్లను ఇచ్చే ముందు వాళ్ళు తెలుసుకోవాలనుకునేది ఒకటే, ఈ ఇంట్లో మా అమ్మాయికి ప్రాణభయం, అవమానం ఉండవు కదా అని. ఆ హామీ మీ నోటితో ఇవ్వాలి.

రిజిస్టర్ పెళ్ళి అయితే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముందుగా నోటీసు ఇవ్వాలి, ముప్పై రోజుల గడువు ఉంటుంది, పెళ్ళిరోజు ముగ్గురు సాక్షులు కావాలి. ఆ నోటీసు ఆఫీసు బోర్డు మీద పెడతారు కాబట్టి బంధువులకు తెలిసే అవకాశం ఉందని ముందే అనుకోండి. ఎవరైనా బెదిరింపుల దాకా వెళ్తే ఇంటి పరువు అని దాచకండి, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇష్టపడి చేసుకునే మేజర్ల పెళ్ళిలో మూడోవాళ్ళు జోక్యం చేసుకోవడం చట్టవిరుద్ధమని, అలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018లోనే స్పష్టంగా చెప్పింది.

మీ చెల్లెలి కూతురి సంబంధాల మాట. ఈ కారణంతో వెనక్కి పోయే సంబంధం పోతేనే మంచిది. ఆ పిల్లను కూడా ఒకసారి అడగండి, ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు.

ప్రశ్న: మా తాతగారి శతజయంతి సభ చేస్తున్నారు. ఆయన మద్యపాన నిషేధం, స్త్రీవిద్య కోసం చాలా చేశారు, అందులో అబద్ధం లేదు. కానీ ఇంట్లో నాయనమ్మని ఎప్పుడూ మనిషిగా చూడలేదు. కేకలు, కొన్నిసార్లు చేయి చేసుకోవడం కూడా. నాయనమ్మ ఇంకా ఉంది, తొంభై దాటింది. నన్ను సభలో మాట్లాడమన్నారు. పొగడాలంటే నోరు రావడంలేదు, విమర్శించాలంటే కుటుంబం బాధపడుతుంది. (రాజమండ్రి)

జవాబు: మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. మీ ఊరి పెద్దాయన దగ్గర్నుంచే మొదలుపెడతాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఈ తారీఖు మనం పాఠాల్లో చదువుకున్నాం. ఆ పెళ్ళికి ఊళ్ళో వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి తెచ్చి, తానే వండి పెట్టారు. ఆ బిందె బరువు ఎవరూ పాఠంలో రాయలేదు, రాసినా ఒక వాక్యమే. సంస్కర్తల ఇళ్ళలో ఆడవాళ్ళ సంగతి ఎప్పుడూ ఇంతే, పనిలో సగం వాళ్ళది, పేరులో వాటా ఉండదు. మీ నాయనమ్మకు పేరు లేకపోవడంతో పాటు దెబ్బలు కూడా ఉన్నాయి.

గాంధీ గారు తన ఆత్మకథలో ఒక సంగతి రాసుకున్నారు. డర్బన్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఉండే గుమాస్తాల మూత్రపు పాత్రలు తామే శుభ్రం చేసేవాళ్ళు. వాళ్ళలో పంచమ కుటుంబానికి చెందిన ఒకతని పాత్ర ఎత్తడానికి కస్తూర్బా గారికి మనసొప్పలేదు, ఏడుస్తూనే ఎత్తారు. నవ్వుతూ చేయాలని ఆయన గద్దించారు. మాటా మాటా పెరిగి ఆమెను చేయిపట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళారు, బయటికి గెంటేయబోయారు. అంటరానితనం పోవాలని చేస్తున్న పనిలో భార్య మీద చేసిన హింస అది. ఎవరూ చూడలేదు, చెప్పకపోతే మనకెవరికీ తెలిసేది కాదు. ఆయనే రాసి, అచ్చువేయించి, దేశమంతటి చేతిలో పెట్టారు. అహింస గురించి మాట్లాడే హక్కు ఆయనకు అలా నిజం చెప్పడం వల్ల కూడా వచ్చిందని నేను నమ్ముతాను. మీ తాతగారు ఆ నిజం చెప్పకుండా వెళ్ళిపోయారు. ఇప్పుడు దాన్ని మీరు దాచాలని కుటుంబం ఎందుకు కోరుతోంది?

మీ తాతగారికి తెలిసే ఉండే ఇంకో దారి కూడా అదే కాలంలో ఉంది. సరస్వతీ గోరా గారికి పదేళ్ళకే పెళ్ళయింది. ఆమె భర్త వెనక నడిచిన మనిషే అయితే ఆ కథ అక్కడితో అయిపోయేది. గ్రహణం పట్టినప్పుడు గర్భిణీ స్త్రీ కదలకూడదని అందరూ వణికిపోయే రోజుల్లో, తానే కడుపుతో ఉండి, గ్రహణ సమయంలో కావాలని మామూలుగా తిరిగి పనులు చేసుకున్నారు. పుట్టిన బిడ్డ చక్కగా ఉండటం నలుగురికీ చూపించారు. మన ఇళ్ళలో ఇప్పటికీ, చదువుకున్న కోడళ్ళని కూడా, గ్రహణం రోజు తలుపులేసి పడుకోబెడుతున్నారు, ఆ రోజుల్లో అదెంత ధైర్యమో ఆలోచించండి. క్విట్ ఇండియా రోజుల్లో చంటివాణ్ణి వెంటబెట్టుకుని రాయవేలూరు జైలుకు వెళ్ళారు. 1975లో గోరా గారు సభలో మాట్లాడుతూనే కన్నుమూశాక, 2006లో తాను పోయేదాకా నాస్తిక కేంద్రాన్ని ఆమె ముందుండి నడిపారు. ముప్పై ఏళ్ళు పైనే. అంటే ఆ ఇంట్లో ఆమెకు మాట, చోటు మొదటి నుంచీ ఉన్నాయి, ఒక్కరోజులో ఎవరికీ అంత శక్తి రాదు.

మీరు సభకు వెళ్ళే ముందు నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఆమెకు చెప్పే పెట్టి, అడగండి. తాతగారు రాత్రిపూట ఊళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ఎంతమందిని వెంట తెచ్చేవారు? ఆ వేళకి వంట ఎవరు చేసేవారు? జైలుకో సత్యాగ్రహానికో వెళ్ళినప్పుడు ఇల్లెలా గడిచింది? కొట్టిన సంగతి ఆమె చెప్తేనే చెప్పనివ్వండి, మీరు తవ్వకండి. సభలో ఏం చెప్పాలో ఆమెనే అడగండి, ఎందుకంటే అది ఆమె జీవితం, మీ ఉపన్యాసానికి సరుకు మాత్రం కాదు. ఆమె వద్దంటే ఆ ఒక్క విషయం వదిలేసి, ఆమె చేసిన చాకిరీ అంతా పూస గుచ్చినట్టు చెప్పండి. ఆమె చెప్పమంటే, తాతగారి మంచి పనులు ఎంత స్పష్టంగా చెప్తారో అంత స్పష్టంగా ఇదీ చెప్పండి, గొంతు పెంచకుండా. కుటుంబం బాధపడుతుందన్నారు. ఆ కుటుంబంలో నాయనమ్మ కూడా ఉంది కదా. ఆమె రాగలిగితే వేదిక మీద కుర్చీ వేయించండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో ముత్తాత కాలం నుంచి అహింసావాదులు. కానీ నాకు అహింస అంటే చేతకానితనంలాగే కనిపిస్తోంది. దొంగలు, రౌడీలు, రేపిస్టుల దగ్గర అహింస ఏం పనిచేస్తుంది? నిజాయితీగా చెప్పండి. (ఒంగోలు)

జవాబు: నిజాయితీగానే చెప్తాను బాబూ. నువ్వు ఒంగోలులో ఉన్నావు, చీరాల, బాపట్ల దారిలో రైల్లో వెళ్తుంటే స్టూవర్టుపురం తగులుతుంది. ఆ పేరు వినగానే దొంగలు అంటావు, అందరూ అంతే, సినిమాలు కూడా అదే నేర్పాయి. అది ఎలా పుట్టిన ఊరో తెలుసా? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే కొన్ని తెగలవాళ్ళని దొంగలని ముద్ర వేసే చట్టం అది. మన దగ్గర ఎరుకలవాళ్ళ మీద ఆ ముద్ర పడింది. వాళ్ళని తెచ్చి ఒక చోట పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవాళ్ళకు అప్పజెప్పి నడిపిన సెటిల్‌మెంట్ అది, హెరాల్డ్ స్టూవర్ట్ అనే తెల్లదొర పేరు పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం పోయింది, 1952లో ఆ తెగలన్నిటి మీదా ముద్ర తీసేశారు, కాగితం మీద. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు వెళ్ళేది మాత్రం అక్కడికే. లాఠీ, జైలు, కొట్టి ఒప్పించడం, ఇవన్నీ తరాల తరబడి నడిచాయి. నువ్వంటున్న గట్టి పద్ధతి అదే కదా, దాంతో దొంగతనాలు ఆగలేదు.

1970ల మధ్యలో లవణం గారు, ఆయన భార్య హేమలత గారు అక్కడ అడుగుపెట్టారు. హేమలత గారు మహాకవి గుర్రం జాషువా గారి కూతురు. అంటరానితనం రుచి చూసి పద్యాల్లో కడిగేసిన తండ్రి అటు, గోరా గారి ఇల్లు ఇటు, ఆమెకు రెండిళ్ళ వారసత్వమూ ఉంది. వాళ్ళు చేసింది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆ ఊళ్ళోకి వెళ్ళి కూర్చున్నారు. ఆడవాళ్ళతో మాట్లాడారు. జైళ్ళలో ఉన్నవాళ్ళనీ వాళ్ళ ఇళ్ళవాళ్ళనీ కలిశారు. దొంగతనం మానేస్తే తినేదేమిటన్న ప్రశ్నకు జవాబు లేకుండా నీతులు చెప్పలేదు, ప్రభుత్వంతో మాట్లాడి బతుకుతెరువు, పిల్లల చదువు సంగతి చూశారు. ఎంతకాలం? ఏళ్ళు పట్టింది. మళ్ళీ దొంగతనానికి వెళ్ళినవాళ్ళూ ఉండి ఉంటారు, అయినా వదిలేసి రాలేదు. తర్వాత హేమలత గారు నిజామాబాద్ జిల్లాకు వెళ్ళి జోగినుల కోసం పనిచేశారు. దేవుడి పేరు చెప్పి చిన్నపిల్లల్ని ఊరుమ్మడి చేసే దురాచారం అది. వాళ్ళ కోసం వర్నిలో చెల్లి నిలయం పెట్టారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆ ఊళ్ళలో జోగినుల మీద పెత్తనం చేసే పెద్దల మధ్యకు ఒక ఆడమనిషి కర్ర లేకుండా, వెనక మంది లేకుండా వెళ్ళి కూర్చోవడం చేతకానితనమా? నువ్వే చెప్పు.

అత్యాచారం చేసేవాడి ఎదుట చేతులు కట్టుకుని నిలబడమని నేనెవరికీ చెప్పను, గాంధీ గారు కూడా పిరికితనం, హింస రెండే దారులుంటే హింసనే ఎంచుకోమన్నారు. ఆ క్షణంలో ప్రాణం, మానం కాపాడుకోవడానికి ఏది చేతికి దొరికితే అది వాడుకోవచ్చు. పోలీసులు, కోర్టులు ఉండాలి, శిక్షలు పడాలి. నేనంటున్నది ఆ తర్వాతి సంగతి, ఆ ముందరి సంగతి. మగపిల్లలు అలా ఎందుకు తయారవుతున్నారు, ఊరు ఎందుకు నోరు మూసుకుంటోంది, ఇవి లాఠీతో తేలవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, వాళ్ళు ఎదురుదెబ్బ తిన్న సందర్భాలు అడుగు. గెలిచిన కథలు అందరూ చెప్తారు. అహింస పనిచేయని చోట వాళ్ళేం చేశారన్నది నీకు ఎక్కువ ఉపయోగం. అన్నీ విన్నాక కూడా నీకు నచ్చకపోతే ఒప్పుకోకు, ముత్తాత నమ్మాడని నువ్వు నమ్మాల్సిన పనిలేదు.

ప్రశ్న: మాది పేరున్న కుటుంబమేం కాదు. మా ఊళ్ళో ఒక మాస్టారు ఉండేవారు, స్వాతంత్ర్య సమరయోధులు, రాత్రిబడి పెట్టి మాలాంటి వాళ్ళందరికీ చదువు చెప్పారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేస్తున్నారట. లోపల ఆయన పుస్తకాలన్నీ ఉన్నాయి. సొంతవాళ్ళకే పట్టనప్పుడు మేమెవరం అనిపిస్తోంది. ఊళ్ళో కొందరు విగ్రహం పెడదామంటున్నారు. (కామారెడ్డి దగ్గర ఒక ఊరు, టీచర్)

జవాబు: మీరు ఆయన శిష్యులు, అంతకంటే ఏం కావాలి. వీరేశలింగం గారికి పిల్లలు లేరు. ఆస్తంతా తాను పెట్టిన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు, ఆయన పేరు మోసిందంతా ఆ సంస్థ, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. అలాగని సొంతవాళ్ళకు పట్టదని కూడా అనుకోకండి. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర గాంధీ గారు 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమాన్ని కొడుకు మణిలాల్ 1956లో పోయేదాకా నడిపారు. మణిలాల్ కూతురు, ‘ఇలా గాంధీ’ అనే పేరున్న ఆమెను, వర్ణవివక్ష ప్రభుత్వం 1973 నుంచి ఏళ్ళ తరబడి నిర్బంధంలో పెట్టింది. 1985 అల్లర్లలో ఆ ఆశ్రమం తగలబడిపోయింది. 2000లో మళ్ళీ కట్టి తెరిచారు. కాబట్టి ఇల్లు పోవడం చివరి మాట ఏమీ కాదు, కానీ అమ్మకం జరిగేలోపు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

వాళ్ళ పిల్లలకు ఫోన్ చేయండి. నిష్ఠూరంగా మాట్లాడకండి. అంత దూరంలో ఉండి పాత ఇంటి పన్ను, కప్పు మరమ్మతు చూసుకోలేక అమ్ముతుంటారు, దాంట్లో ద్రోహం ఏమీ లేదు. ఇల్లు అడగకండి, పుస్తకాలు, కాగితాలు, రాత్రిబడి హాజరు పుస్తకాలు ఉంటే అవి అడగండి. చాలామంది సంతోషంగా ఇస్తారు, ఎవరూ అడగకపోవడం వల్లే పాత కాగితాలవాడికి పోతుంటాయి. మీ స్కూల్లో ఒక గది, లేదా గ్రామ పంచాయతీ దగ్గర గ్రంథాలయం ఉంటే అక్కడ రెండు బీరువాలు చాలు. ఎన్ని పుస్తకాలు తీసుకున్నారో జాబితా రాసి వాళ్ళకొక కాపీ పంపండి.

విగ్రహం విషయంలో నాది గట్టి అభిప్రాయం. వద్దు. ఆ డబ్బుతో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పదో తరగతి పిల్లలకు ట్యూషన్ నడపండి, ఫీజు లేకుండా. ఇటుక బట్టీలకు, పత్తి ఏరడానికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు బడి మానేసేది ఎక్కువగా అక్కడే. మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళు మీ చుట్టుపక్కల ఎంతమంది ఉద్యోగాల్లో ఉన్నారో మీకే తెలుసు, తలా ఒక రోజు వచ్చి లెక్కలో ఇంగ్లీషో చెప్పమనండి. అమెరికాలో ఉన్న పిల్లల్ని కూడా అడగండి, వీడియోలో వారానికి ఒక క్లాసు చెప్పడానికి వాళ్ళకు అభ్యంతరం ఉండకపోవచ్చు. ముందు ఆ పుస్తకాల సంగతి చూడండి, ఇల్లు రిజిస్ట్రేషన్ ఎప్పుడో కనుక్కుని ఆ తారీఖు కంటే ముందే వెళ్ళి అట్టపెట్టెల్లో సర్దించండి.